పైలోకపు లెక్కలు

మన యముడి పక్కన చిత్రగుప్తుడు చిట్టా పట్టుకుని ఉన్నట్టే, ఈజిప్టులో ఒసిరిస్ కొలువు ముందు తోత్ దేవుడు కలం పట్టుకుని నిలబడతాడు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఆనీ పపైరస్‌లో ఆ బొమ్మ ఉంది. ఆనీ ఒక లేఖకుడు, క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటివాడు. త్రాసులో ఒక పక్క అతని గుండె, రెండో పక్క సత్యదేవత మాత్ ఈక. తూకం తప్పితే మింగడానికి మొసలి తల, సింహం ముందరికాళ్లు, నీటిగుర్రం వెనకభాగం ఉన్న అమ్మిత్ కాచుకుని ఉంటుంది.

ఇంతవరకూ న్యాయమే. అయితే ఆ పపైరస్‌లోనే ఒక మంత్రం ఉంది. తనకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దని చచ్చినవాడు తన గుండెనే అందులో బతిమాలుకుంటాడు! ఇలాంటి పపైరస్ చుట్టలను పేరు చోటు ఖాళీగా వదిలి ముందే రాసి ఉంచేవారు, కొన్నవాడి పేరు తర్వాత ఎక్కించేవారు. పైలోకంలోనూ సేద్యం తప్పదని, ఆ చాకిరీకి సమాధుల్లో షబ్తీ బొమ్మలు పెట్టేవారు. ఫారో మొదటి సేతి సమాధిలో అవి 700కు పైగా దొరికాయి. చచ్చి స్వర్గానికి పోయినా దొరగారికి పాలేర్లు కావలసిందే.

గ్రీకు వీరుడు అకిలీస్ చచ్చాక ఆ పాలేరుతనాన్నే కోరుకున్నాడు. చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండటం కన్నా, భూమ్మీద గతిలేని రైతు దగ్గర కూలికి పోవడమే మేలని ‘ఒడిస్సీ’ 11వ సర్గలో ఒడీసియస్‌తో అంటాడు. బాబిలోనియా వాళ్లయితే ఆశ కూడా పెట్టలేదు. ‘గిల్గమేష్’ కావ్యంలో పోయినవాళ్ల తిండి మట్టి.

మన ధర్మరాజు వీళ్లందరికన్నా మొండివాడు. స్వర్గంలో అడుగుపెట్టగానే అతనికి కనబడింది వైభవంగా కూర్చున్న దుర్యోధనుడు. తమ్ముళ్లేరని నిలదీస్తే దేవదూత దుర్గంధపు దారిలో నరకానికి తీసుకుపోయాడు. వెనుదిరగబోతుంటే చీకట్లోంచి గొంతులు: నీ ఒంటిమీది గాలి సోకితే మాకు హాయిగా ఉంది, కాసేపు ఉండమని. అవి కర్ణుడివి, భీమార్జునులవి, కవలలవి, ద్రౌపదివి. నేనిక్కడే ఉంటానని దేవతలతో చెప్పు, పొమ్మన్నాడు ధర్మరాజు. తర్వాత ఇంద్రుడొచ్చి అదంతా మాయ అని తేల్చేయడం నాకంత రుచించదు. ఆ తిరస్కారం మాత్రం మాయ కాదు.

స్వర్గానికి దారి చెప్పిన పుస్తకాలకు కొదవ లేదు. స్వర్గాన్ని నిలదీసినవి కొన్నే, సాహిత్యంగా నిలిచేవి అవే. మనలో చాలామంది భారతాన్ని కురుక్షేత్రంతోనే మూసేస్తాం. తిక్కన స్వర్గారోహణ పర్వం ఒక్క ఆశ్వాసమే. తీరిక చేసుకుని చదవండి.