నిండు సీసా నీడలో... ఖాళీ సీసా షోకేసులో!

విదేశాల నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన వైన్ సీసాను చాలామంది హాల్లో షోకేసులో, లైటు కింద నిలబెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. తీరా ఏ పెళ్లిరోజుకో తెరిస్తే పుల్లటి వాసన! వైన్‌కి వెలుగూ వేడీ పడవు. పైగా నెలల తరబడి నిలువుగా ఉంచితే బిరడా ఎండిపోయి, లోపలికి గాలి చేరుతుంది.

అందుకే అలంకరణకు ఖాళీ సీసాలే వాడండి. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే లేబుళ్లు ఊడొస్తాయి. ఎత్తులో తేడా ఉన్నవి మూడేసి చొప్పున పెట్టి, వెనక చిన్న ఎల్‌ఈడీ దీపాలు అమర్చండి. ఆకుపచ్చ, తేనెరంగు గాజు మిలమిలా మెరుస్తుంది. ఒకదాంట్లో నీళ్లు పోసి మనీప్లాంట్ తీగ వేస్తే ఇంకా అందం. రెస్టారెంట్ నడిపేవారికీ ఇదే సూత్రం.

నిండు సీసాలను వంటగదికి దూరంగా, ఎండ పడని గదిలో చెక్క ర్యాకులో పడుకోబెట్టండి. వాటికి 12-15 డిగ్రీల చల్లదనం కావాలి. మన వేసవిలో అది కుదరదు కాబట్టి చిన్న వైన్ కూలరో, ఫ్రిజ్జో తప్పదు. డజను సీసాలు సుమారు 15 కిలోలు తూగుతాయి. ర్యాకును గోడకు గట్టిగా బిగించాలి. పిల్లల చేతికి అందకూడదు.

ప్రేమగా తెచ్చిన కానుక షోకేసులో పాడైపోకూడదు కదా!