ఊరు కాని ఊళ్ళో అన్నం

పరిశోధన పనిమీద జిల్లాలు తిరిగే నాకు ఏ ఊళ్ళో దిగినా మొదట ఎదురయ్యే ప్రశ్న, ఇక్కడ అన్నం ఎక్కడ బాగుంటుంది అనేదే. లాడ్జి గుమాస్తానో, ఆటో డ్రైవరునో అడిగితే వెంటనే ఒక పేరు చెబుతారు. తీరా వెళ్తే అది బారుకు ఆనుకుని ఉంటుంది. లేదా మెట్లమీద నిలబడ్డ మగవాళ్ళను తప్పించుకుంటూ లోపలికి పోవాలి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకది మంచి హోటలే.

ఆమధ్య ఒక జిల్లా కేంద్రంలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒక హోటలుకు వెళ్ళాను. ముందు హాల్లో బల్లలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోబోతుంటే సప్లయరు వచ్చి "ఎంతమంది మేడమ్?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. "అయితే ఫ్యామిలీలో కూర్చోండి" అంటూ వెనకాల తెర కట్టిన గది చూపించాడు. ఫ్యాను తిరగని ఆ గదిలో కూర్చుని ఆలోచించాను. ఒక్కదాన్నే వచ్చిన నేను ఫ్యామిలీ ఎలా అయ్యాను? ముందు హాల్లో ఒంటరిగా తింటున్న మగవాణ్ణి ఎవరూ లోపలికి పొమ్మనలేదే!

స్త్రీ అంటే కుటుంబం, కుటుంబం వెంట లేకుండా బయటికి వచ్చిన స్త్రీ నలుగురికీ కనబడకూడదు. ఆ తెర చెప్పేది ఇదే. "మీ రక్షణ కోసమే" అంటారు. తేరిపార చూసేవాళ్ళను మందలించకుండా మనల్ని దాచిపెట్టడం రక్షణ ఎలా అవుతుంది? కొన్ని రాత్రులు ఆ గది నాకూ ఊరటనిచ్చిన మాట నిజమే. కానీ అక్కడ కూర్చోవాలా వద్దా అన్నది మన ఇష్టంగా ఉండాలి. దుకాణాలు, హోటళ్ళలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరికీ ఆటంకం ఉండరాదని రాజ్యాంగం 15(2) అధికరణ 1950 నుంచీ చెబుతోంది. రెండు గ్లాసుల పద్ధతిని చూసిన దళిత స్త్రీకి ఈ ఆటంకం కులం వల్లా, స్త్రీ కావడం వల్లా కూడా ఎదురవుతుంది.

అందుకే మనలో చాలామంది హోటలు మానేసి బిస్కెట్లతో, అరటిపళ్ళతో రోజు గడిపేస్తాం. మరుగుదొడ్డి ఉండదని నీళ్ళు కూడా తాగం. లేదంటే గ్రామంలో సంఘం సభ్యురాలి ఇంట్లో తింటాం. ఇక్కడ మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఆమె కూలి ఒక పూట మానుకుని, అప్పు తెచ్చిన గుడ్లతో కూర వండిపెడితే దాన్ని ఆప్యాయత అని మెచ్చుకుంటాం. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని మీటింగులో ఆమెకే చెప్పి, ఆమె చాకిరీతోనే కడుపు నింపుకుని వస్తున్నాం.

నాకు మంచి హోటళ్ళు దొరికింది ఆడవాళ్ళను అడిగినప్పుడే. మహబూబ్‌నగర్ జిల్లాలో బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె చూపించిన మెస్సులో ఉన్నవి నాలుగు బల్లలే. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అడక్కముందే చెంబుతో నీళ్ళు. పెరట్లో లోపల గొళ్ళెం పడే దొడ్డి. చాలా హోటళ్ళలో పిండి రుబ్బేది, అంట్లు తోమేది ఆడవాళ్ళు, గల్లాపెట్టె దగ్గర మగవాడు. ఇక్కడ గల్లాపెట్టె కూడా వండే ఆమె దగ్గరే ఉంది. "ఒక్కదానివేనా అక్కా?" అని ఆమే అడిగింది. ఎన్ని రొట్టెలు చెయ్యాలో తెలుసుకోవడానికి!

కాబట్టి మన సంస్థలు కొన్ని పనులు చెయ్యాలి. ప్రయాణ భత్యంలో భోజనం ఖర్చు ఇప్పటి ధరలకు తగినట్టు ఉండాలి. ఊళ్ళో ఎవరిచేతనైనా వండించుకుంటే, సరుకులకే కాదు, వాళ్ళ శ్రమకూ డబ్బు ఇవ్వాలి. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగ పనిమీద వెళ్ళిన చోటు కూడా పనిస్థలమే. కనుక హోటల్లో ఎదురైన వేధింపును బయటి విషయమని తోసిపుచ్చకూడదు. ఏ ఊళ్ళో ఎక్కడ నిశ్చింతగా తినవచ్చో క్షేత్రంలో తిరిగే కార్యకర్తలు రాసిపెట్టి, కొత్తగా వచ్చేవాళ్ళకు అందించాలి.

ఈసారి సప్లయరు తెర చూపిస్తే, ముందు హాల్లో ఖాళీగా ఉన్న బల్ల దగ్గరే కూర్చుందాం.