మేం ఎవరి సఫీర్లం?

ఉర్దూలో రాయబారిని సఫీర్ అంటారు. సఫీర్‌కి జీతముంటుంది, కారుకి జెండా ఉంటుంది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అతన్ని అరెస్టు చెయ్యకూడదు, అతని ఇంట్లోకి పోలీసులు జొరబడకూడదు. మరి జీతం లేకుండా, జెండా లేకుండా, ఎవరూ పంపకుండానే మీరు పాకిస్తాన్ సఫీర్లుగా లెక్కగట్టిన మా సంగతేమిటి? మాకే ఒప్పందం రక్షణ?

ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కీ చెడిన ప్రతిసారీ చూపులు మా మొహల్లాల వైపు తిరుగుతాయి. "మీవాళ్లేం చేశారో చూశారా?" అంటారు. ఎవరు మావాళ్లు? 1947 తర్వాత వెళ్లినవాళ్లు వెళ్లారు. వెళ్లనివాళ్లం మేం. ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే. దానికి ఎన్నిసార్లు రసీదు చూపించాలి?

1971 డిసెంబరు యుద్ధంలో దౌత్య సంబంధాలు తెగిపోయాయి. మళ్లీ అతకడానికి 1976 దాకా పట్టింది. ఆ కాలమంతా రెండు ప్రభుత్వాల మధ్య మాట మోయడానికి స్విట్జర్లాండ్ ఉంది. హైదరాబాదులో ఉన్న అన్నకీ కరాచీలో ఉన్న చెల్లెలికీ మధ్య ఎవరున్నారు? కరాచీలో బహదూర్ యార్ జంగ్ పేరున బహదూరాబాద్ ఉంది. హైదరాబాద్ కాలనీ ఉంది. కానీ 1994లో అక్కడి భారత కాన్సులేట్ మూతపడింది. ఆ తర్వాత పుట్టినూరికి రావాలంటే దరఖాస్తు ఇస్లామాబాద్ దాకా వెళ్లాల్సి వచ్చేది. వీసా దేశానికిచ్చేవారు కాదు, ఊళ్ల పేర్లు రాసి ఇచ్చేవారు. 1976లో మొదలైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2002లో ఆగింది, 2004లో కదిలింది, 2019లో మళ్లీ ఆగింది. సంఝౌతా అంటే రాజీ. జనాజాకి అందని రాజీ ఎవరికోసం?

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపారు. అడ్డుపడిన ముస్లిం గుర్రపువాణ్నీ చంపారు. హంతకుల్ని శిక్షించాల్సిందే. ఈ మాట తర్వాత మేం 'కానీ' పెట్టం. మర్నాడే మన ప్రభుత్వం అట్టారి మూసింది. ఇస్లామాబాద్ కూడా ఏమీ తక్కువ తినలేదు, తన వైపు గేటు మూసింది. భారత పాస్‌పోర్టున్న తల్లి ఇవతల, పాకిస్తాన్ పాస్‌పోర్టున్న పిల్లలు అవతల. ఆ శిక్ష పడింది ఏ హంతకుడికి?

సెక్యులర్ మిత్రులారా, మీతోనూ ఒక పేచీ ఉంది. మేం నోరు తెరవగానే ముందు ఖండన అడుగుతారు. ఖండన మా ఒక్కరి దగ్గరే వసూలు చేసే సుంకమా? అది కట్టాకే మాట్లాడనిస్తారా?

ప్రభుత్వాలు కొట్లాడుకోనీ, రాయబారుల్ని వెనక్కి పిలుచుకోనీ. చావుకీ పెళ్లికీ పురిటికీ మాత్రం ఒక తలుపు తెరిచి ఉంచమనండి. ఆ కోరిక కోరడం దేశద్రోహం కాదని గట్టిగా చెప్పండి. పాకిస్తాన్‌తో ఎలా ఉండాలో మమ్మల్నీ అడగండి, చెబుతాం. మాకూ ఓటుంది. పౌరులుగా అడగండి. ముద్దాయిలుగా కాదు.