ఊరుకుంటే ఒప్పుకున్నట్టే



"ఎవరో ద్వేషం చిమ్మితే, వారితో మాకు సంబంధం లేదని సంఘం బహిరంగంగా ఎందుకు చెప్పాలి? దేవునికి తెలియదా?" అని మనలో కొందరు అంటున్నారు. దేవునికి తెలుసు. ఆ ద్వేషానికి గురైన పొరుగువానికి ఎలా తెలుస్తుంది?

1915లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, స్టోన్ మౌంటెన్ అనే కొండ మీద, ఒకప్పుడు మెథడిస్టు ప్రసంగీకుడైన విలియం సిమ్మన్స్ కూ క్లక్స్ క్లాన్‌ను తిరిగి లేపాడు. అక్కడ బలిపీఠం కట్టి, దానిపై బైబిలు పెట్టి, సిలువను కాల్చారు. నల్లజాతివారు, యూదులు, కాథలిక్కులు వారికి శత్రువులు. 1920లలో ఆ ముసుగు మనుషులు ఆరాధన జరుగుతుండగానే ప్రొటెస్టంటు మందిరాల్లోకి నడిచివచ్చి, కాపరి చేతిలో కానుక కవరు పెట్టి వెళ్లేవారు. ఎదిరించిన కాపరులు ఉన్నారు. కవరు పుచ్చుకొని వందనాలు చెప్పినవారూ ఉన్నారు. చూసిన ఊరికి ఏమి అర్థమై ఉంటుంది? సంఘం వీరి పక్షమే అని.

నలభై ఏళ్ల తరువాత, 1963 సెప్టెంబరు 15 ఆదివారం, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి విశ్వాసుల 16వ వీధి బాప్టిస్టు మందిరంలో క్లాన్ సభ్యులు పెట్టిన బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. సిలువ పేరు చెప్పుకొన్నవారు సిలువను నమ్ముకున్న బిడ్డలనే చంపారు.

అలాగని, ఎక్కడో ఒకడు తప్పు చేస్తే అతని మతస్థులందరినీ నిలబెట్టి సంజాయిషీ అడగడం న్యాయం కాదు. మన ముస్లిం పొరుగువారిని అలా అడిగినా, మనలను అడిగినా అది అన్యాయమే. మేము చెప్పేది వేరు. ఎవరైనా మన సిలువను, మన వాక్యాన్ని, మన వేదికను పట్టుకొని ద్వేషిస్తే, ఒకరు అడిగే దాకా మనం ఆగకూడదు. అక్కడ ఊరుకోవడం అబద్ధ సాక్ష్యం పలకడమే.

"ఏకాంతంగా గద్దిస్తే చాలదా?" అంటారేమో. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మాని వెనుకకు తీసినప్పుడు, పౌలు అతణ్ని పక్కకు పిలవలేదు. అందరి ఎదుటే నిలదీశాడు (గలతీయులకు 2వ అధ్యాయం). అవమానం అందరి ఎదుట జరిగింది గనుక దిద్దుబాటు కూడా అక్కడే జరగాలి.

ప్రియులారా, మన సంఘ వాట్సాప్ గ్రూపులో వాక్యం తగిలించి ఇంకొక కులాన్నో మతాన్నో దూషించే మెసేజ్ వస్తే, చూసి ఊరుకోకండి. అదే గ్రూపులో, అందరూ చూసేలా, ఇది మన ప్రభువు మాట కాదని రాయండి. పంపినవారు సంఘ పెద్దలైనా, ఎక్కువ కానుకలు ఇచ్చేవారైనా సరే. కాపరులమైన మేము వేదిక మీద అదే చెబుతాం, కానుక తగ్గినా సరే.

ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.