పాత బండి రిపేరు ఖర్చు ఎవరి ఖాతాలో?

మా సంఘం సభ్యుడొకరు ఈమధ్య గుర్రంకొండ వైపు నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాటా వేసుకొని తెల్లవారుజామున బయలుదేరాడు. మిట్ట ఎక్కేటప్పుడు పికప్ బండి వేడెక్కి ఆగిపోయింది. చూస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంకో బండి తెప్పించి, బాక్సులన్నీ అందులోకి మార్చుకొని యార్డుకు చేరేసరికి వేలం అయిపోయింది. వాళ్లు అడిగిన ధరకే కాయ ఇచ్చి వచ్చాడు. బండిని షెడ్డుకు లాగించినందుకు, రెండో బండి బాడుగకు, రిపేరుకు కలిపి పద్దెనిమిది వేలు అయింది. కాయ అమ్మితే చేతికొచ్చింది అందులో సగం కూడా లేదు. రిపేరు డబ్బు సర్దింది మండీ వాళ్లు. కాబట్టి ఈ సీజను అయిపోయేదాకా ఆయన కాయ ఆ మండీకే పోవాలి.

ఈ చివరి మాట కోసమే ఈ నెల బండి రిపేర్ల గురించి రాస్తున్నాం.

ధర పడిపోతే రోడ్డెక్కుతాం. నకిలీ విత్తనం వస్తే కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం. బండి చెడిపోతే మాత్రం అది ఎవరి సొంత గొడవ వాళ్లది అనుకుంటాం. దుక్కి, నారు, మందు, కూలి లెక్క రాసుకునే రైతు కూడా బండి రిపేరును పంట ఖర్చులో రాయడు. మేమూ చాలా ఏళ్లు రాయలేదు. రాయని ఖర్చు అప్పుగా మారేదాకా కనబడదు.

2005లో టాటా ఏస్ వచ్చాక ముప్పావు టన్ను మోసే నాలుగు చక్రాల బండి చిన్న రైతుకు కూడా అందింది. ఆ తర్వాత పికప్‌లు పెరిగాయి. ఎద్దుల బండి పోయిన చోట ఇవే నిలబడ్డాయి. అయితే మన పల్లెల్లో కొత్త బండి కొన్నవాళ్లు తక్కువ. పట్నంలో ఎనిమిదేళ్లో పదేళ్లో బాడుగకు తిరిగి, నడుము విరిగాక మన చేతికొస్తాయి. అంటే కొన్న రోజు నుంచే రిపేరు మొదలు.

ఆ రిపేర్లలో సగం నీళ్లతో వస్తాయంటే నమ్మరు గానీ, ఏ మెకానిక్‌ను అడిగినా ఇదే చెబుతాడు. కూలెంట్ కొనాలంటే వందలు పెట్టాలని, మనం రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తాం. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎంతుందో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. నీళ్లు తిరగవు, ఇంజిన్ వేడెక్కుతుంది, హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు కూడా ఆపకుండా "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని తోలితే ఇంజిన్ పట్టేస్తుంది. గ్యాస్కెట్‌తో పోయేది పది, పన్నెండు వేలు. ఇంజిన్ మొత్తం విప్పి చేయాలంటే మా దగ్గర అరవై వేలకు తక్కువ ఎవరూ చెప్పడం లేదు. ముల్లు దాకా కూడా పోనక్కరలేదు, పొద్దున బండి తీసే ముందు మూత తీసి నీళ్లమట్టం చూస్తే చాలు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత తీయకండి, మొహం కాలిన వాళ్లను చూశాం.

రెండోది లోడు. ఇక్కడ మన తప్పు మనం ఒప్పుకోవాలి. టన్నున్నర బండికి రెండున్నర టన్నులు వేస్తున్నాం. ఎందుకు వేస్తామో మాకు తెలియనిది కాదు. బాక్సుకు ధర లేనప్పుడు రెండో ట్రిప్పుకు డీజిల్ ఎక్కడి నుంచి తెస్తాం? కానీ ఆ అదనపు టన్ను క్లచ్ ప్లేటును తినేస్తుంది, కమాన్ పట్టీలను విరుస్తుంది, వెనక చక్రాల బేరింగులను అరగదీస్తుంది. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు మార్చి కూలి ఇస్తే ఎనిమిది నుంచి పది వేలు. మూడేళ్లు రావాల్సిన క్లచ్ ఏడాదికే పోతే ఆ ట్రిప్పులో మిగిలిందేమిటి? పట్టుబడితే వేరే కథ. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

బ్రేకుల సంగతి డబ్బుతో తేలేది కాదు. కోత అయ్యాక కూలి ఆడవాళ్లను బాక్సుల మీద ఎక్కించుకొని ఊరికి దింపడం మనకు అలవాటు. సరుకు బండిలో ఎక్కిన మనుషులకు ఏదైనా అయితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, పరిహారం బండి యజమాని మెడకు చుట్టుకుంటుంది. బ్రేక్ షూలు, వీల్ సిలిండర్ల రబ్బర్లు మార్చడానికి మూడు, నాలుగు వేలు అవుతాయి. వేరే రిపేరు ఏదైనా వాయిదా వేయండి, ఇది వేయకండి.

యూరియా బస్తాలు దింపాక బండి బాడీ కడగకపోతే రేకు తుప్పు పట్టి పోతుందని కూడా చెప్పాలి. బకెట్ నీళ్ల పని.

ఇక మన చేతిలో లేనివి. పాత డీజిల్ బండిని ఊళ్లో మెకానిక్ చెవితో విని బాగుచేసేవాడు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు సెన్సర్లు ఎక్కువ. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే స్కానర్ ఉన్న పట్నం షెడ్డుకే పోవాలి. ఆ బండ్లు ఇంకో ఐదారేళ్లలో పాతబడి మన చేతికే వస్తాయి. అప్పుడు ఊరి మెకానిక్ ఏం చేయాలి, మనం ఏం చేయాలి అన్నది ఇప్పుడే ఆలోచించాలి.

ఎఫ్‌సీ మరో బరువు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి. 15 ఏళ్లు దాటిన తేలికపాటి రవాణా బండికి ఆ ఫీజును 2022 ఏప్రిల్‌లో 7,500 రూపాయలు చేశారు, ఆలస్యమైతే రోజుకు 50 అన్నారు. ఎఫ్‌సీ లేని రవాణా బండి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండే. భద్రత చూడొద్దని మేము అనడం లేదు. చూడాల్సింది బ్రేకులను, రైతు జేబును కాదు.

పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు క్లచ్, రేడియేటర్, గేర్‌బాక్సు వంటి భాగాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గించారు. మంచిదే, స్వాగతించాం. అదే కాయను పొలం నుంచి మార్కెట్‌కు చేర్చే పికప్ క్లచ్ మీద మాత్రం 18 శాతం. దున్నడం వ్యవసాయం, పండింది మోయడం వ్యాపారమా? ఊరి మెకానిక్ బిల్లు వేయడు కాబట్టి పన్ను లేదనుకోకండి, సామాను కొన్నప్పుడే అది ధరలో కలిసిపోయి ఉంటుంది.

చాలామందికి తెలియని ఒక దారి ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్క వేసేటప్పుడు పంటకు గట్టిన మొత్తం మీద 20 శాతం వ్యవసాయ ఆస్తుల రిపేర్లు, నిర్వహణ కోసం కలపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. పంట లెక్క లక్ష అయితే రిపేర్లకు ఇరవై వేలు. మీ కార్డులో అది కలిపారో లేదో మేనేజరును అడగండి. మోటారు, ట్రాక్టరు అయితే సరే, సరుకు బండి వ్యవసాయ ఆస్తి కాదని అనవచ్చు. అదే మాట కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితాలు నాలుగు చేతికొస్తే లీడ్ బ్యాంకు అధికారి దగ్గరికి సంఘం తరఫున మేము తీసుకుపోతాం. మండీ వాళ్లు చేబదులుగా ఇచ్చే ఇరవై వేలకు వడ్డీ ఉండకపోవచ్చు. దాన్ని కాయ ధరలో, కమీషనులో ఎన్నిసార్లు రాబట్టుకుంటారో మనం లెక్క వేసుకోం.

వచ్చే నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు, ఈ ఏడాది మీ బండికి పెట్టిన ఖర్చు చీటీలు తీసుకురండి. బిల్లు లేకపోతే మెకానిక్ చేత పేరు, తేదీ, రకం వేయించి తెచ్చినా సరే. ఆ డబ్బు ఇంట్లోదా, బ్యాంకుదా, మండీదా అన్నది వెనకవైపు రాయండి.