మా ఏడుపు మేం ఏడుస్తాం

2018 మే నెలలో యద్దనపూడి సులోచనారాణి గారు అమెరికాలో, కాలిఫోర్నియాలో కన్నుమూశారని తెలిసిన రోజున మన ఇళ్ళల్లో రెండు రకాల మనుషులు కనిపించారు. వార్త విని గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయిన వాళ్ళు ఒక రకం. "ఎవరూ? ఆ కార్లూ మేడలూ రాసే ఆవిడేనా? దానికే ఇంత ఇదైపోవాలా?" అని నవ్విన వాళ్ళు రెండో రకం. ఆ నవ్వు ఏళ్ళు గడిచినా ఆగలేదు. ఆవిడ పేరెత్తితే చాలు, సాహిత్యం తెలిసిన పెద్దమనుషుల పెదవి ఓ పక్కకి వంకర పోతుంది. నా పోట్లాట ఆ వంకర పెదవితోనే.

వాళ్ళ అభియోగం మనందరికీ కంఠతా వచ్చు. ఆరడుగుల అందగాడు, పడవంత కారు, మాట్లాడితే మేడ. ఇవన్నీ చూపించి ఆడపిల్లల బుర్రలు పాడుచేసిందట!

సరేనండీ. అవే రోజుల్లో అదే ఇంట్లో అన్నయ్యలూ తమ్ముళ్ళూ ఏం చదివారో కూడా చెప్పుకుందాం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు. యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. ఆ పుస్తకాలంటే నాకూ ప్రాణమే, కాదనను. కానీ యుగంధర్ని చదివి పెద్దవాడై బ్యాంకులో క్యాషియరుగా కూచున్న మగవాణ్ణి, "పాపం, ఒక్క హంతకుణ్ణీ పట్టుకోలేకపోయావే, నీ బుర్ర పాడైనట్టుంది నాయనా" అని ఎవరైనా అడిగారా? అతను చదివితే కాలక్షేపం. అతని చెల్లెలు చదివితే వ్యసనం!

పోనీ, చెడిపోయిన ఆడవాళ్ళని చూపించండి. రాజశేఖరం వస్తాడని గుమ్మంలో కూచుని పెళ్ళి మానుకున్నది ఎవరు? ఆ నవలలు చదివిన తరం అంతా గుమాస్తాలనీ, మేష్టర్లనీ, బస్సు కండక్టర్లనీ చేసుకుంది. అద్దె ఇళ్ళల్లో, నెలాఖరున పంచదార డబ్బా అడుగు గీకుతూ పిల్లల్ని చదివించింది. ఏది కథో ఏది కాపురమో వాళ్ళకి శుభ్రంగా తెలుసు. తెలియదనుకోవడమే అసలు అవమానం.

ఇంకో మాట. అందరూ రాజశేఖరాన్నే తల్చుకుంటారు గానీ, 1960ల్లో వచ్చిన ఆ నవల పేరు 'రాజశేఖరం' కాదు, 'సెక్రటరీ'. అది ఒక ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగం చేసేది జయంతి. ఆడపిల్ల ఆఫీసులో అడుగు పెడితే వీధి వీధంతా గుసగుసలాడే రోజుల్లో, డబ్బున్న మగవాడి ఎదట తలెత్తి మాట్లాడే అమ్మాయిని పుస్తకం నడిమధ్యలో నిలబెట్టారు. నిజం చెప్పొద్దూ, రాజశేఖరం మీద నాకంత మోజు లేదు. అతని గాంభీర్యం కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తుంది. నా ఓటు 'మీనా'కి. తల్లి అధికారం కింద నలిగిన కూతురు తండ్రి పుట్టిన పల్లెకి వెళ్ళి ఊపిరి పీల్చుకోవడం, ఆ కథలో ఎంత నిజం ఉందో ఆడపిల్లల్ని అడగండి. విజయనిర్మల గారు 1973లో దాన్ని సినిమా తీశారు. 2016లో 'అ ఆ' చూసి వచ్చిన అమ్మలందరూ "ఇది మన మీనాయే కదే" అన్నారు. నలభై మూడేళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టారంటే అది పాడైపోయిన బుర్రల పనేనా?

తిట్టేవాళ్ళ కన్నా నాకు మండేది మెచ్చుకునే వాళ్ళని చూస్తే. "ఏదైతేనేం, ఆడవాళ్ళకి చదివే అలవాటు చేసింది. ఆ తర్వాత వాళ్ళే మంచి పుస్తకాల్లోకి వెళ్ళారు" అంటారు. అంటే ఆవిడ పెద్దబాలశిక్ష అన్నమాట! అద్దె లైబ్రరీలో రంగనాయకమ్మ గారూ, వాసిరెడ్డి సీతాదేవి గారూ, ద్వివేదుల విశాలాక్షి గారూ, సులోచనారాణి గారూ ఒకే బల్ల మీద ఉండేవారు. (వాళ్ళ గిరాకీ చూసి ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగ మహానుభావులు కూడా అక్కడే!) ఒకే వారంలో నలుగురినీ చదివి, ఎవరి దగ్గర ఏముందో తేల్చి చెప్పిన గృహిణులు లక్షణంగా ఉన్నారు. వాళ్ళు మెట్లెక్కుతున్న పసిపిల్లలేం కాదు.

అసలు ఎలా చదివేవారో తెలుసా ఈ మేధావులకి? వీక్లీ రాగానే ముందు ఇంటాయన, తర్వాత అత్తగారు, ఆ తర్వాత కాలేజీ మరిది. కోడలి వంతు వచ్చేసరికి రెండ్రోజులు దాటేది. ఈలోగా పక్కింటావిడ కథ చెప్పెయ్యబోతే చెవులు మూసుకునేది. మధ్యాహ్నం అంట్లు తోముకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా ఒక గంట. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు చేటలో కందిపప్పు ఏరుకుంటూ వినేవారు. అద్దె పుస్తకంలో చివరి రెండు పేజీలు చిరిగిపోయుంటే, "వదినా, ఆఖరికి ఒప్పుకుందా లేదా?" అని గోడ మీంచి కేకలు. మార్జిన్లో ఎవరో పెన్సిల్తో "ఇక్కడ నాకు ఏడుపొచ్చింది" అని రాసేవారు. ఆ కిందే ఇంకెవరో "నాకూ" అని.

రోజు మొత్తంలో ఎవరూ ఏ పనికీ పిలవని గంట అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆ గంటలో తోడున్న మనిషి పోతే కన్నీళ్ళు రాకుండా ఎలా ఉంటాయి? దూరపు చుట్టం పోతే పదిరోజులు మైల పడతాం. మరి ఈవిడకి ఒక పూట అన్నం సయించకపోతే నవ్వా?

నవ్వేవాళ్ళతో నా మాట అయిపోయింది. ఏడ్చేవాళ్ళతో కూడా ఒకటుంది, కోప్పడకండి.

అమ్మో, అత్తగారో పోయాక అల్మారా సర్దుతాం. పట్టుచీరలు పంచుకుంటాం. అడుగున ఒక కట్ట దొరుకుతుంది. వీక్లీల నుంచి చింపి, దబ్బనంతో పురికోస కుట్టి, పాత కేలెండరు అట్ట వేసిన సీరియల్. అందులో కథే కాదు, బొమ్మలుంటాయి, వెనక పేజీలో సబ్బుల ప్రకటనలుంటాయి, వాళ్ళ చేతిరాతలో తేదీలుంటాయి. బజార్లో దొరికే అచ్చు పుస్తకంలో ఇవేవీ ఉండవు. ఆ కట్టని మనమే, ఆవిడ కోసం కళ్ళొత్తుకున్న మనమే, పాత పేపర్లవాడి కాటా మీద పెడుతున్నాం. కిలోకి ఎంతిస్తాడో కూడా బేరమాడుతున్నాం.

ఇంట్లో చోటు లేదంటారా? మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే వెళ్ళి అడగండి. వాళ్ళూ వద్దంటే ఈ పత్రిక చిరునామాకి నా పేర ఓ ఉత్తరం ముక్క రాయండి. సంచీ తీసుకుని నేనే వస్తాను.