పందెపు బండ్లకొక ప్రదర్శనశాల

బంగారుపాళ్యమున మోటారుసైకిలు పందెముల ప్రదర్శనశాలను ప్రజల చందాలతో నిర్మింపవలెనని మా యభిప్రాయము. మదరాసు–బెంగుళూరు రహదారి మన యూరిమీదుగనే పోవుచున్నది గనుక చూడవచ్చువారికి కొదువ యుండదు. మదరాసు చెంత షోళవరములో, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాటపై, దశాబ్దములు పందెములు సాగెను. 1990లో శ్రీపెరుంబుదూరు కడ ప్రత్యేకపథ మేర్పడగా ఆ సందడి యడగెను. ఆనాటి బండ్లు తుక్కుకొట్ల పాలు గాకమున్నే మేల్కొనవలదా?

వేటపాలెపు సారస్వతనికేతనమును 1918లో నెలకొల్పినవారు సర్కారుకై కాచుకొని కూర్చుండలేదు. పుస్తకములకై చేయిచాచిన జాతి యినుమునకై సిగ్గుపడ నేల? అయితే, 2025లో తోతాపురి ధర పడి కుమిలిన మామిడిరైతుపై మండీలో పన్నువలె దీనిని మోపుట యన్యాయము. కలవా రీయవలెను, ప్రతి రూపాయకు రశీదు వ్రాసి, నెలనెలా జమాఖర్చును పఠనమందిరపు గోడపై నంటింపవలెను.